మణికట్టులో నల్లగీత

మానవజాతి ఇంతవరకు సాధించిన ఘనకార్యాలన్నింటిలోనూ, గుమ్మం బయట చెప్పులు విడవడాన్ని మించినది లేదని డిటెక్టివ్ అంకమ్మరావు నిశ్చితాభిప్రాయం. నిప్పు కనిపెట్టినవాడికి చలి వేసింది కనుక కనిపెట్టాడు. చక్రం కనిపెట్టినవాడికి కాళ్లు పీకాయి కనుక కనిపెట్టాడు. చెప్పులు విడవమన్నవాడు మాత్రం ఏ అవసరమూ లేకుండా, కేవలం సంస్కారం కొద్దీ ఆ మాట అన్నాడు. కనుక ఆ పెద్దాసుపత్రి ఎక్స్‌రే గది ముందు, "పాదరక్షలు బయట విడువవలెను" అన్న బోర్డు కింద, అంకమ్మరావు తన తోలుచెప్పులను యుద్ధనౌకకు లంగరు వేసినంత గాంభీర్యంతో విడిచాడు.

పక్కన నిలబడ్డ జైనాబీ ఏమీ విడవలేదు. బస్టాండులో చెప్పు తెగితే అక్కడే పారేసి వచ్చింది.

"నాలుగింటికి జడ్జిగారు కోర్టుకు వచ్చేస్తారు కదయ్యా?" అంది. పొద్దుటి నుంచి ఆమె నోట ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

"వస్తారు. ఆయన వచ్చేలోగా మనం వెళతాం," అన్నాడు అంకమ్మరావు, అప్పటికి రెండున్నర అయిందని మనసులోనే గుర్తుచేసుకుంటూ.

జైనాబీది మార్టూరు. మిరపకాయల తొడిమలు తీసే కూలీ. భర్త లేడు. ఒక్కడే కొడుకు, షబ్బీర్. గ్రానైటు వ్యాపారం చేసే కోటేష్ దగ్గర లారీ క్లీనరు. మొన్నటి వారం డ్రైవరు పనికి రాకపోతే, చీమకుర్తి క్వారీ నుంచి రాతిదిమ్మె తెమ్మని కోటేష్ ఆ క్లీనరు చేతికే తాళం ఇచ్చాడు. తిరుగుదారిలో, మిరపకోతకు కూలీలను తీసుకెళుతున్న ఆటోను లారీ గుద్దింది. ఇద్దరు పోయారు. అందులో పిచ్చమ్మ అనే ఆవిడ జైనాబీతో కలిసి పనిచేసిన మనిషే. లైసెన్సు లేకుండా, తెలిసి తెలిసి అంత పెద్ద బండి తోలి ప్రాణాలు తీశాడని పోలీసులు బెయిలు దొరకని సెక్షను పెట్టారు.

షబ్బీర్‌కు పంతొమ్మిదేళ్లని ఆధార్ కార్డు చెబుతోంది. ఆ కార్డు ప్రకారం అతడు జనవరి ఒకటిన పుట్టాడు. పుట్టినరోజు తెలియనివాళ్లందరినీ ప్రభుత్వం ఆ రోజునే పుట్టిస్తుంది. తల్లి లెక్క వేరు. "లైలా తుఫాను నాటికి నాకు ఏడో నెలయ్యా," అంటుంది. ఆ లెక్కన వాడికి పదహారు నిండలేదు. కానీ తుఫాను కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పదు. క్వారీకీ క్వారీకీ మధ్య పెరిగిన పిల్లవాడికి బడి కాగితమూ లేదు. కాబట్టి జడ్జిగారు మనుషులను నమ్మడం మాని ఎముకను అడిగారు. ఎముక ఎక్స్‌రే నోట, "పద్దెనిమిది దాటాయి," అని బదులిచ్చింది. దాని మీద అభ్యంతరం ఉంటే ఇవాళ నాలుగింటిలోపు ఇంకొకసారి పరీక్ష చేయించుకోవచ్చని కోర్టు దయతలిచింది. నాలుగు దాటితే షబ్బీర్ పెద్దవాడు. పెద్దవాళ్లతోపాటు జైలులో ఏళ్లకేళ్లు. ఆలోపు బాలుడని తేలితే పిల్లల హోము, అక్కడి నుంచి ఇల్లు.

ఇంతటి భారాన్ని మోస్తున్న అంకమ్మరావు వినుకొండ కాలేజీలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి, కప్పలు నేర్పిన విద్యను మనుషుల మీద ప్రయోగించడానికి డిటెక్టివ్ అయినవాడు. ఈ ఏడాది పట్టిన కేసుల్లో ఒక్కటీ గెలవలేదు. ఆ సంగతి జైనాబీకి తెలియదు. తెలిసినా ఆమె వెళ్లడానికి వేరే గుమ్మం లేదు.

వరండాలో బూట్ల చప్పుడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీరమ్య వచ్చింది. వెనుక ఒక కానిస్టేబులు, అతడి పక్కన తలవంచుకుని షబ్బీర్. ఈ కేసు ఆమెదే. పూర్వం ఆమె అంకమ్మరావు శిష్యురాలు. ఈ రెండు నిజాలూ ఒకదానికొకటి గిట్టవు.

"బూట్లు విప్పాలా మాస్టారూ?"

"చట్టానికి పాదాలుంటే విప్పాలి."

"చట్టానికి లేవు. నాకున్నాయి గానీ లేసులు కట్టుకునే టైము లేదు," అంటూ ఆమె లోపలికి నడిచింది. నడుస్తూనే గొంతు తగ్గించింది. "ఆ ఫిల్ము జోలికి వెళ్లొద్దని నిన్న ఫోనులో చెప్పాను. మళ్లీ చెబుతున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయండి. నాకు నాలుగు రోజులు కావాలి."

"నాలుగు గంటలకు కత్తి మెడ మీద పడబోతుంటే నాలుగు రోజులా? ఎందుకో చెప్పు."

శ్రీరమ్య వరండా బెంచీ వైపు చూసింది. అక్కడ కోటేష్ గుమస్తా పేపరు చదువుతున్నాడు. చాలాసేపటి నుంచి ఒకే పేజీ చదువుతున్నాడు.

"ఇక్కడ చెప్పేది కాదు."

"సెకండియర్లో రికార్డు కూడా ఇలాగే ఆలస్యం చేసేదానివి."

"ఇచ్చాను కదండీ. పదికి నాలుగేశారు."

"మూడున్నర వచ్చాయి. అర మార్కు నా ఔదార్యం."

తన కేసు ఎక్కడ కూలిపోతుందోనని శిష్యురాలు భయపడుతున్నదని అంకమ్మరావు తేల్చుకున్నాడు. ఇతరుల మనసులోని మాట తనకు ఇట్టే తెలిసిపోతుందన్నది ఆయనకున్న అనేక నమ్మకాలలో ఒకటి.

గదిలో బల్ల, దాని మీద వేలాడే యంత్రం, మూలన కంప్యూటరు, దాని ముందు టెక్నీషియన్ ఆదాం. అంకమ్మరావు పాత ఎక్స్‌రేను తెర మీద తెప్పించి, జైనాబీని దగ్గరికి పిలిచాడు.

"ఎముక ఎలా పొడుగవుతుందో తెలుసా అమ్మా? అంతటా సాగదు. కొన దగ్గర, కాండానికీ దాని టోపీకీ మధ్య మెత్తటి పలక ఒకటి ఉంటుంది. పెరుగుదలంతా అక్కడే. అది తాపీమేస్త్రి లాంటిది. మేస్త్రి తన కాళ్ల కింద వరసలు పేర్చుకుంటూ, గోడతోపాటు తనూ పైకి లేస్తాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల నాటికి పని ముగుస్తుంది. అప్పుడు మేస్త్రి కూడా గోడలో కలిసిపోతాడు. పలక మెత్తనిది కనుక ఎక్స్‌రేలో నల్లగీతలా కనబడుతుంది. గీత ఉంటే పిల్లవాడు. పోతే పెద్దవాడు."

"మా వాడికి పోయిందా అయ్యా?"

అంకమ్మరావు తెరకు ముక్కు తగిలేంతగా వంగాడు. మణికట్టు దగ్గర రెండు ఎముకలు. బొటనవేలి వైపుది మూసుకుపోయింది, సందేహం లేదు. నల్లగీత ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. నివేదిక దాన్ని చూసే రాశారు. ఆయన చూపు పక్కకు జరిగింది. చిటికెనవేలి వైపు ఎముకలో సన్నగా, స్పష్టంగా, నల్లగీత.

"చిత్రం!" అన్నాడు. "ఒక తల్లి కడుపున ఒక్కసారే పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు పింఛను తీసుకుంటున్నాడు, ఇంకొకడు బడికి వెళుతున్నాడు! పైగా పింఛనుదారు పొట్టివాడు. చూడు, పక్క ఎముక వీడిని దాటి ముందుకు వెళ్లిపోయింది. ఇది వయసు వల్ల మూసుకున్న పలక కాదు. దెబ్బ తగిలి అకాలంగా మూసుకున్నది. జైనాబీ, వీడి మణికట్టు ఎప్పుడైనా విరిగిందా?"

"విరిగిందయ్యా! పదేళ్లప్పుడు పాలిషింగు షెడ్డులో పలక జారి మీద పడింది. కట్టు కట్టించాం. అతుక్కుంది గానీ చెయ్యి కాస్త వంకరపోయింది."

అంకమ్మరావు శ్రీరమ్య వైపు తిరిగాడు. దిగ్విజయం చేసి వచ్చిన చక్రవర్తికి ఆ తిరగడం తెలిసి ఉండాలి.

"ఏ చెయ్యి?" అని శ్రీరమ్య శాంతంగా అడిగింది.

"కుడిదమ్మా," అంది జైనాబీ.

శ్రీరమ్య వేలు తెర మూలకు వెళ్లింది. అక్కడ పెద్ద ఎల్ అక్షరం. ఎడమ. "వయసు పరీక్షకు ఎప్పుడూ ఎడమ మణికట్టే తీస్తారు. విరిగింది కుడిది. ఇది ఎడమది. ఇక పదండి మాస్టారూ."

చక్రవర్తి నిలబడ్డ చోటే ఉన్నాడు గానీ సామ్రాజ్యం వెళ్లిపోయింది. గడియారంలో మూడు. జైనాబీ ఒకసారి తెరను, ఒకసారి ఆయన ముఖాన్ని చూసింది. ఆయన ముఖంలో ఏం చూసిందో గానీ గోడకు చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది.

"వాడు తప్పు చెయ్యలేదనడం లేదయ్యా," అంది. "పిచ్చమ్మ నా పక్కన కూర్చుని కాయలు వలిచిన మనిషి. వాళ్ల పిల్లల మొహం నేనెట్టా చూడాలి? కానీ మావాడికి మీసమైనా రాలేదు. ఆ జైల్లో వాడిని బతకనిస్తారా?"

అంకమ్మరావు ఒక్కసారిగా ఆదాం మీదికి తిరిగాడు.

"ఈ ఎక్స్‌రే తీసింది నువ్వేనా?"

"నేనేనండి. ఎడమ చెయ్యేనండి. వయసు పరీక్ష అంటే మెషీన్లో ఎడమ అని సెట్ చేసుంటది, ఆ అక్షరం అదే వేసుకుంటది."

"మెషీను సంగతి అడగలేదు. పిల్లవాడితో నువ్వేమన్నావు? అన్న మాట అన్నట్టు చెప్పు."

"చెయ్యి పెట్టమన్నానండి."

"ఎడమ చెయ్యి అన్నావా?"

ఆదాం కంప్యూటరు మౌస్ తుడవడం మొదలుపెట్టాడు.

"ఆదాం!"

"అనను సార్," అన్నాడు చివరికి. "కొత్తలో అనేవాణ్ణి. ఒక పెద్దాయన, నాకే ఎడమ చెయ్యి చాపమంటావురా అని కొట్టబోయాడు. అప్పట్నుంచీ చెయ్యి పెట్టండి అంటానంతే. ఎడమ అని నోటితో ఎట్టా అంటామండీ, బాగోదు కదా."

అంకమ్మరావు కానిస్టేబులు ముందుకు వెళ్లాడు. "నాయనా, ఈ బల్ల మీద చెయ్యి పెట్టు."

కానిస్టేబులు కుడిచెయ్యి పెట్టాడు.

"జైనాబీ, లేచి నువ్వూ పెట్టమ్మా."

ఆమె అరచేతిని చీరకొంగుకు తుడుచుకుని మరీ, కుడిచెయ్యే పెట్టింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ?"

"నన్ను వదిలేయండి," అంది శ్రీరమ్య. అప్పటికే ముందుకు కదలబోయిన కుడిచేతిని ఆమె జేబులో పెట్టుకుంది.

"షబ్బీర్, ఆ రోజు ఏ చెయ్యి పెట్టావు?"

కుర్రవాడు మొదటిసారి తలెత్తాడు. "కుడిదే సార్. ఆఫీసరు గారికి ఎడమ చెయ్యి ఎట్టా ఇస్తాం?"

"మరి బొటనవేలు అటు ఉండాల్సింది ఇటు ఉంటే నీకు అనుమానం రాలేదా ఆదాం?"

"బొమ్మ తిరగబడిందనుకున్నానండి. అద్దంలోలాగా తిప్పేస్తే సరిపోద్ది. ఈ మెషీనుకు మొదట్నుంచీ ఆ జబ్బుంది సార్. వచ్చినోళ్లందరికీ అంతే. రిపేరోళ్లకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా రారు."

ఆ క్షణాన అంకమ్మరావుకు ఆ జిల్లా మర్యాద మొత్తం కళ్ల ముందు నిలిచింది. ఎన్నేళ్లుగానో జనం వరసగా వచ్చి, వినయంగా కుడిచేతులు చాపుతుంటే, అవన్నీ ఎడమచేతులై కోర్టులకు వెళుతున్నాయి. ఏ లంచమూ, ఏ కుట్రా అక్కర్లేదు. ఒక జాతిని దారి తప్పించడానికి మంచి పెంపకం చాలు.

"ఎడమచేతికి కొత్తగా తియ్యి. ఇప్పుడే!"

ఆదాం స్విచ్చి వేయబోయాడు. కరెంటు పోయింది.

మూడూ పదిహేను. జనరేటరు ఆపరేషన్ థియేటరుకే గానీ ఎక్స్‌రేకు లేదని ఆదాం చెప్పాడు. అంకమ్మరావు సబ్‌స్టేషనుకు ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు. సూపరింటెండెంటుకు చేశాడు, ఆయన మీటింగులో ఉన్నాడు. మూడూ ఇరవై అయిదు. చీకటి గదిలో జైనాబీ పెదవులు కదులుతున్నాయి. షబ్బీర్ తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వేమైనా తిన్నావా?"

"తిన్నాలేరా."

అది అబద్ధమని గదిలో అందరికీ తెలుసు.

కొంతసేపటికి వాడు శ్రీరమ్యను అడిగాడు. "మేడం, ఆ ఆటోలో చిన్నపాప ఉంది. గౌను వేసుకుంది. బతికిందా?"

"బతికింది," అంది శ్రీరమ్య. ఆమె గొంతులో పోలీసుతనం లేదు. తరువాత చీకట్లోనే, "మాస్టారూ, చివరిసారి అడుగుతున్నాను. బయటికి రండి, ఒక్క మాట చెప్పాలి," అంది.

"కరెంటు వచ్చే వేళకు నన్ను గదిలో లేకుండా చేద్దామనా? నేను కదలను."

"మీరు వినరు. ఏనాడూ వినలేదు."

మూడున్నర దాటాక, పైన ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. యంత్రం నిద్రలేవడానికి ఇంకో అయిదు నిమిషాలు తీసుకుంది. షబ్బీర్ బల్ల ముందు నిలబడ్డాడు. అలవాటుగా కుడిచెయ్యి లేచింది.

"అది కాదు, రెండోది."

వాడు శ్రీరమ్య వైపు, ఆదాం వైపు, తల్లి వైపు చూశాడు, అందరినీ క్షమాపణ అడుగుతున్నట్టు. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు. టక్కుమంది యంత్రం. తెర మీద బొమ్మ మెల్లగా తేలింది.

రెండు ఎముకలు. రెండింటి కొసన, టోపీకీ కాండానికీ మధ్య, కాటుక పెట్టినట్టు రెండు నల్లగీతలు.

ఆదాం పరుగున వెళ్లి డాక్టర్ మెహర్‌ను పిలుచుకొచ్చాడు. మొదటి నివేదిక మీద సంతకం పెట్టింది ఆవిడే. ఆమె కళ్లజోడు తుడుచుకుని చూసింది. పాతదాన్ని పక్కన పెట్టి మళ్లీ చూసింది. ముఖం పాలిపోయింది.

"రెండు పలకలూ పూర్తిగా తెరిచే ఉన్నాయి. పదిహేను. మహా అయితే పదహారు. ఎట్లా పొరపడ్డానో!" అంటూ కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టింది. "ఇక్కడి నుంచే కోర్టుకు పంపేస్తాను."

"ఒక్క నిమిషం ఆగండి డాక్టర్," అంది శ్రీరమ్య, గబగబా ముందుకు వచ్చి.

"ఎందుకాగాలి?" అంకమ్మరావు గర్జనకు గోడ మీద సీసపు ఆప్రాన్ కూడా కదిలినట్టయింది. "కోర్టు ఆజ్ఞను ఆపే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఎవరిచ్చారు? పంపండమ్మా! నాలుగుకు పది నిమిషాలే ఉంది. పంపండి!"

డాక్టర్ మెహర్ మీట నొక్కింది. నివేదిక వెళ్లిపోయింది.

జైనాబీ కొడుకు చెంపలు రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. "ఇంటికొస్తాడు కదయ్యా? మావాడు ఇంటికొస్తాడు కదా?"

"వస్తాడమ్మా. అంతే కాదు!" అంకమ్మరావు గది మధ్యకు నడిచాడు. లేని పంచె అంచును సవరించుకుని, చెయ్యి పైకెత్తాడు. "ఇన్నాళ్లూ ఈ కేసులో నేరస్థుడు ఒక పసివాడు. ఈ క్షణం నుంచి కాదు. బాలుడు బండి తోలి ప్రాణం తీస్తే, ఆ బండి యజమానికి మూడేళ్లు జైలు అంటోంది మోటారు వాహనాల చట్టం. నాకేం తెలియదంటే చాలదు, ఆ తెలియకపోవడాన్ని యజమానే రుజువు చేసుకోవాలని రాసిన చట్టం. శ్రీరమ్యా, ఆ రెండు ప్రాణాలకు జవాబు చెప్పాల్సినవాడు ఈ జిల్లాలోనే ఏసీ గదిలో కూర్చుని ఉన్నాడు. జీపు తీసి యజమానిని పట్టుకురా!"

శ్రీరమ్య వరండాలోకి చూసింది. బెంచీ ఖాళీగా ఉంది. గుమస్తా మడత కూడా విప్పని పేపరు వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె తలుపు మూసి, బల్ల అంచున కూర్చుంది. ఎంతో అలసిపోయినట్టు ఉంది.

"జైనాబీ గారూ, పోయినేడు మిమ్మల్ని కోటేష్ మనుషులు ఒంగోలు తీసుకెళ్లారా?"

"తీసుకెళ్లారమ్మా," అంది జైనాబీ, కళ్లు తుడుచుకుంటూ. "ఇంటి స్థలం ఇప్పిస్తానన్నారు కోటేష్ గారు. గుమస్తా కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఫొటో దించారు, వేలిముద్ర వేయించుకున్నారు. మధ్యాహ్నం బిర్యానీ కూడా పెట్టించారు. స్థలం ఇంకా రాలేదు."

"ఏ ఆఫీసు అది?"

"నాకేం తెలుసమ్మా, చదువులేనిదాన్ని. ముందర పెద్ద ఖాళీ స్థలం ఉంది. కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చి మోటారు సైకిళ్ల మీద ఎనిమిది అంకె వేస్తున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు."

అంకమ్మరావుకు అర్థమైంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నాలుగు రోజులు ఆగమన్నది అందుకే మాస్టారూ," అంది శ్రీరమ్య. "ఆ వేలిముద్ర వెనక కోటేష్ ఉన్నాడని చెప్పే సాక్షి ఒకడు దొరికాడు. వాడి మాట రాయించుకునే వరకు పిల్లవాడు పెద్దవాడుగానే ఉండాలనుకున్నాను. పెద్దవాడు తోలితే వాడి తప్పు వాడిదే. చిన్నవాడు తోలితే యజమానిది. మీరు చెప్పిన సెక్షను సరైనదే. రుజువు భారం యజమానిదే."

ఆమె షబ్బీర్ వైపు చూడకుండా లేచి, టోపీ పెట్టుకుంది.

"ఆ లారీ ఈవిడ పేరు మీదే ఉంది."